కూల్చేసిన ఇంటి గచ్చు ముక్కను రాక్ టంబ్లర్‌లో నునుపు చేయడం ఎలా?

ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చేసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "తాతయ్య కట్టించిన ఇల్లు పడగొట్టారు. హాల్లోని మొజాయిక్ ముక్కలు కొన్ని ఏరి తెచ్చుకున్నాను. గులకరాళ్లలా నున్నగా, మెరిసేలా చేయొచ్చా?"

చేయొచ్చు. రాక్ టంబ్లర్ అంటే మూత ఉన్న డబ్బాలో (బ్యారెల్) రాళ్లు, నీళ్లు, గరుకు పొడి వేసి మోటారుతో రోజుల తరబడి దొర్లించి నునుపు చేసే మిషన్. అందులో ఎర్ర గచ్చు ముక్కనూ చేయొచ్చు, శ్లాబు పెచ్చునూ చేయొచ్చు. కాకపోతే టంబ్లర్ డబ్బాలో వచ్చే కాగితం చూసి చేయకండి. అది అగేటు, జాస్పర్ లాంటి గట్టి రాళ్ల కోసం రాసిన కాగితం. నేను మొదటిసారి దాన్నే నమ్మి, ముతక గ్రిట్‌లో (గ్రిట్ అంటే ఆ గరుకు పొడే) ఏడు రోజులు మూత తీయకుండా తిప్పాను. కిలో ముక్కలు వేస్తే చివరికి చేతికొచ్చినవి గుప్పెడు కంకర రాళ్లు, చింతపిక్కంత సిమెంటు బిళ్లలు రెండు. మిగతాదంతా బురద.

ఎందుకలా అయిందంటే, కాంక్రీటు ఒకే రాయి కాదు. సిమెంటు మెత్తన, మన ఊళ్లలో వాడే గ్రానైటు కంకర గట్టిది. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలుపై గ్రానైటు 6, 7 మధ్య ఉంటే, గట్టిపడిన సిమెంటు దానికి సగం దగ్గర ఆగిపోతుంది. గ్రిట్ ముందు మెత్తనిదాన్నే తింటుంది. వేరుశనగ అచ్చులో బెల్లం కరిగి పప్పులు పైకి పొడుచుకొచ్చినట్టు కంకర తేలుతుంది, ఆ తర్వాత ఊడిపోతుంది. మొజాయిక్‌లో ఈ గొడవ తక్కువ. అందులో వేసేది పాలరాతి చిప్స్. పాలరాయి గట్టిదనం 3, అంటే సిమెంటుకు దగ్గరే. రెండూ దాదాపు ఒకే వేగంతో అరుగుతాయి. సిద్ధాంతం ఇంతే.

ముక్క ఎంపిక

సగం పని ఇక్కడే తేలిపోతుంది.

మొజాయిక్ అన్నిటికన్నా మంచిది. ముక్కను పక్కకు తిప్పి చూడండి. చిప్స్ ఉన్న పొర పైన పలచగానే ఉంటుంది, కింద ఉన్నది మామూలు ఇసుక, సిమెంటు. టంబ్లర్‌కు పైనా కిందా తేడా తెలియదు, అన్ని వైపులా తింటుంది. చిప్స్ పొర సెంటీమీటరు కూడా లేకపోతే ముతక దశను బాగా కుదించాలి.

ఎర్ర గచ్చు రెండోది. రెడ్ ఆక్సైడ్ కలిపిన సిమెంటులో కంకర ఉండదు కాబట్టి సమంగా అరుగుతుంది. కానీ రంగు పొర పలచన. పైగా బురద ఎర్రగా దిగి పక్కనున్న తెల్ల ముక్కల రంధ్రాల్లో దూరుతుంది. దీన్ని విడిగా తిప్పండి.

శ్లాబు, స్తంభాల కాంక్రీటు కష్టం. 20 ఎం.ఎం. కంకర ఉన్న ముక్కలో ఒక రాయీ కొంచెం సిమెంటూ తప్ప ఇంకేమీ ఉండదు. సన్న చిప్స్ వేసిన పెచ్చులు దొరికితే ప్రయత్నించండి.

బ్యారెల్లోకి వేసేముందు మూడు పరీక్షలు చేయాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి తట్టండి. కొత్త కుండలా ఖంగుమంటే మంచిది, బద్దగా మోగితే లోపల పగుళ్లున్నాయి. ఇనుప మేకుతో సిమెంటు మీద గీయండి. సన్నని గీత పడటం మామూలే, సుద్దలా పొడి రాలితే పక్కన పెట్టేయండి. చివరిగా ఒక నీటి బొట్టు వేయండి. క్షణాల్లో ఇంకిపోతే అది బాగా గుల్లబారిన ముక్క, దానికి మెరుపు రాదు.

తేలిక బ్లాకులు, అంటే ఏఏసీ బ్లాకులు, బూడిద ఇటుకలు వేయకండి. పిండైపోతాయి.

ఆస్బెస్టాస్ రేకుల జోలికి మాత్రం వెళ్లకండి. పాత ఇళ్ల శిథిలాల్లో పశువుల కొట్టం మీదివో, బాత్రూం మీదివో సిమెంటు రేకుల ముక్కలు కలిసి ఉంటాయి. అలలుగా, బూడిద రంగులో, విరిగినచోట పీచుపీచుగా కనిపిస్తాయి. వాటిని పగలగొట్టినా అరగదీసినా లేచే పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. అనుమానమున్న ముక్కను చేత్తో కూడా విరవకండి.

కావలసినవి

- రబ్బరు బ్యారెల్ ఉన్న రోటరీ టంబ్లర్. కిలోన్నర పట్టేది చాలు. వేగం మార్చే వీలుంటే ఎప్పుడూ తక్కువ వేగమే.
- సిలికాన్ కార్బైడ్ గ్రిట్: 60/90 (అవసరమైతేనే), 120/220, 500. అంకె పెరిగేకొద్దీ పొడి సన్నన. మనవాళ్లు కార్బొరండం పొడి అనేది దీన్నే. ఇంజను వాల్వులకు రుద్దే పేస్టు తెచ్చుకోకండి, అందులో జిడ్డు ఉంటుంది.
- పాలిష్ పొడి: అల్యూమినియం ఆక్సైడ్. పాలరాతి పాలిష్ పనివాళ్లు వాడే టిన్ ఆక్సైడ్ అయినా సరే.
- ప్లాస్టిక్ గుళికలు లేదా చిన్న సిరామిక్ ముక్కలు, ఖాళీ నింపడానికి.
- తెల్ల సిమెంటు ఒక చిన్న ప్యాకెట్, రంగు ఆక్సైడ్ చిటికెడు.
- వెలిగారం, అంటే బోరాక్స్.
- వంటింటి డిజిటల్ తూకం, పాత టూత్‌బ్రష్, రెండు బకెట్లు, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు.

గ్లవ్స్ ఎందుకని కొట్టిపారేయకండి. సిమెంటు నీళ్లు గాఢమైన క్షారం. అరగంటపాటు ఒట్టి చేతులతో కడిగితే వేళ్ల సందులు పగిలి మండుతాయి. తాపీమేస్త్రీల చేతులు చూస్తే తెలుస్తుంది.

చేసే పద్ధతి

1. పగలగొట్టడం. ముక్కను తడిపి, తడి గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టండి. పొడిగా కొడితే లేచే సిలికా దుమ్ము మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల ముక్కలు కావాలి. అన్నీ ఒకే సైజులో ఉండక్కర్లేదు, చిన్నా పెద్దా కలిస్తేనే బాగా దొర్లుతాయి.

ఇప్పుడు ఒక్కో ముక్కా వెలుతురులో పెట్టి చూడండి. బైండింగ్ వైరు ఉంటే బ్యారెల్ రబ్బరు కోసేస్తుంది. మొజాయిక్ గళ్ల మధ్య గాజు పట్టీలు ఉంటే పలుకులుగా విరిగి మిగతావాటిని గీకేస్తాయి. కొన్ని ఇళ్లలో గాజుకు బదులు అల్యూమినియం పట్టీలు వేశారు, అసలు ప్రమాదం వాటితోనే. సిమెంటు క్షారంలో అల్యూమినియం నానితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. మూత బిగించిన బ్యారెల్లో అది జరగకూడదు. ఒక్క తునక కూడా ఉండనివ్వకండి.

2. నానబెట్టడం. రాత్రంతా నీళ్లలో ఉంచండి. ఎండిన కాంక్రీటును నేరుగా బ్యారెల్లో వేస్తే అది పోసిన నీళ్లు తాగేస్తుంది, తెల్లారేసరికి బురద ముద్దయి ముక్కలు దొర్లడం మానేస్తాయి. "మోటారు తిరుగుతోంది కానీ ముక్కలు అరగడం లేదు" అనేవాళ్లు చాలావరకు ఈ అడుగు దాటేసినవాళ్లే.

3. తూకం. నానిన ముక్కల తడి తుడిచి తూచి, అంకె రాసుకోండి. ఒక ఫోటో తీసుకోండి. తర్వాత ఎంత పోయిందో కంటితో చెప్పలేం.

4. ముతక దశ. మొజాయిక్, ఎర్ర గచ్చు అయితే 60/90 వదిలేసి నేరుగా 120/220తో మొదలుపెట్టండి. గ్రానైటు కంకర ఉన్నవాటికి అంచులు మరీ పదునుగా ఉంటే ముందు ఒక్క రోజు 60/90, ఆ తర్వాత 120/220.

బ్యారెల్ మూడింట రెండు వంతులకు తగ్గకుండా, ముప్పావుకు మించకుండా నిండాలి. ముక్కలు చాలకపోతే సిరామిక్ కలపండి. అగేటు, గులకరాళ్లు కలపకండి, కాంక్రీటును చితకబాదుతాయి. గ్రిట్ రెండు టేబుల్ స్పూన్లు చాలు, గట్టి రాళ్లకు వేసేదాంట్లో ఇది సగం. నీళ్లు పై వరస ముక్కలకు కొంచెం కిందిదాకా పోయండి.

మూత బిగించి తిప్పి, చెవి పెట్టండి. ఇసుక జల్లించినట్టు ఆగకుండా గరగరమంటే సరిగ్గా ఉంది. టకటక కొట్టుకుంటుంటే తక్కువ నింపారు, అంచులు పెచ్చులూడతాయి. అసలు చప్పుడే లేకపోతే ఎక్కువ నింపారు, లేదా బురద చిక్కబడింది.

ఇరవై నాలుగు గంటలకోసారి మోటారు ఆపి మూత తీయండి. లోపల వాయువు చేరి ఉంటే పోతుంది, ముక్కల సంగతీ తెలుస్తుంది. ఈ ఒక్క అలవాటుంటే కాంక్రీటు చెడదు. నా దగ్గర మొజాయిక్ మూడో రోజుకు అంచులు పోయి గుండ్రబడుతుంది, ఎర్ర గచ్చుకు రెండు రోజులే పడుతుంది. మీ మిషన్లో వేరుగా ఉండొచ్చు, అందుకే రోజూ చూడమనేది. బరువు పాతిక శాతం తగ్గితే ఆపేయండి, ఇంకా మూలలు మిగిలినా సరే.

కరెంటు గురించి ఒక మాట. టంబ్లర్ ఆగిపోయి గంటలు గడిస్తే బురద అడుగున పేరుకుని గట్టిపడుతుంది, ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంట్లో ఉంటే బ్యారెల్‌ను అప్పుడప్పుడు చేత్తో దొర్లించండి. ఊరెళ్తుంటే ఆపి, ఖాళీ చేసి, కడిగి వెళ్లండి. కోతలు ఎక్కువున్న రోజుల్లో నేను ఒక చిటికెడు పంచదార వేస్తాను. పంచదార సిమెంటును గట్టిపడనివ్వదు. రెడీమిక్స్ లారీ దారిలో ఇరుక్కుపోతే డ్రైవర్లు చేసే పనే ఇది.

5. కడగడం. గట్టి రాయిని నీళ్ల కింద పెడితే గ్రిట్ జారిపోతుంది. కాంక్రీటుకు ఒళ్లంతా సన్న రంధ్రాలు, ప్రతి రంధ్రంలోనూ గ్రిట్ దాక్కుంటుంది. బ్రష్‌తో ఒక్కో ముక్కా రుద్దండి. తర్వాత బ్యారెల్‌ను కడిగి, మంచినీళ్లు, చెంచాడు వెలిగారం వేసి గంటసేపు తిప్పి, మళ్లీ కడగండి. నీళ్లు తేటగా దిగేదాకా ఇదే పని. ఇక్కడ మిగిలిన ఒక్క ముతక పలుకు చివరి దశలో గీతలై కనిపిస్తుంది.

6. రంధ్రాలు పూడ్చడం. రాళ్ల పాలిష్ పుస్తకాల్లో ఈ అడుగు కనిపించదు. నేను మొజాయిక్ పనివాళ్ల దగ్గర నేర్చుకున్నాను. వాళ్లు మొదటిసారి రాయి పట్టాక నేల కడిగి, అదే రంగు సిమెంటు పాలు పూసి, కొన్ని రోజులు తడిపి ఉంచి, ఆ తర్వాతే సన్నరాయి పడతారు. మొదటి అరుగుడులో బయటపడ్డ సూదిబెజ్జాలన్నీ అలా మూసుకుంటాయి.

మనమూ అంతే. తెల్ల సిమెంటులో రంగు కలిపి, నీళ్లతో దోసెపిండి కన్నా కాస్త చిక్కగా చేసుకోండి. తడిగా ఉన్న ముక్కకు గ్లవ్ వేసుకున్న వేలితో పట్టించి, ఎక్కువైంది తుడిచేయండి. మర్నాటి నుంచి వారం రోజులు తడిగుడ్డలో చుట్టి ఉంచండి. రెండో రోజే తొందరపడి తిప్పారా, పూడ్చినదంతా బ్యారెల్లోకి ఊడిపోతుంది. రంగు సరిపోయిందో లేదో ముందే చూసుకోవాలంటే కొంచెం పిండి ఒక పింగాణీ మూతమీద ఆరబెట్టి చూడండి, తడిమీద కనిపించే రంగు వేరు.

గట్టిదనం ఇంకా కావాలంటే, ఈ వారం గడిచాక లిథియం సిలికేట్ ద్రవం పూసి ఒక రోజు ఆరనివ్వొచ్చు. కాంక్రీటు నేలలను మెరిపించేవాళ్లు వాడేది ఇదే. సిమెంటులోని సున్నంతో కలిసి రంధ్రాలను లోపలినుంచి బిగిస్తుంది. దొరక్కపోతే వదిలేయండి.

7. సన్న దశ. 500 గ్రిట్, రెండు చెంచాలు, రెండు మూడు రోజులు. ఇక్కడినుంచి ప్లాస్టిక్ గుళికలు తప్పనిసరి, ముక్కలు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా కాపాడతాయి. ఒక దశలో వాడిన గుళికలు ఇంకో దశకు పనికిరావు, సీసాల్లో వేసి పేర్లు రాసుకోండి.

8. పాలిష్ దశ. ఐదో అడుగులోలాగే మళ్లీ శుభ్రంగా కడిగి, వీలైతే వేరే బ్యారెల్లో పాలిష్ పొడితో రెండు రోజులు. నాలుగు రోజులు తిప్పితే రెట్టింపు మెరుపు వస్తుందనుకోకండి. మెత్తని సిమెంటు మళ్లీ గుంటలు పడటం మొదలవుతుంది.

9. చివరి స్నానం. నీళ్లు, చెంచాడు వెలిగారం, గుళికలతో రెండు గంటలు. చాలామంది ఇక్కడ బట్టల సబ్బు తురిమి వేస్తారు. కాంక్రీటుకు సబ్బు పనికిరాదు. దాంట్లోంచి దిగే సున్నంతో కలిసి, ఉప్పునీళ్ల ఊళ్లలో బకెట్లకు పట్టే తెట్టులాంటి పొర కడుతుంది. అంతవరకు తెచ్చిన మెరుపంతా దానికింద పోతుంది.

10. ఆరబెట్టి మైనం పట్టించడం. నీడలో వారం రోజులు. లోపలి తేమ పోకుండా మైనం రాస్తే పొగమంచు పట్టినట్టు తెల్లబడుతుంది. ఆరాక తేనెమైనమో, ఫర్నిచర్ మైనమో పలచగా రాసి నూలుగుడ్డతో రుద్దండి. నూనెలు వద్దు, రంగు ముదిరి మచ్చలు పడతాయి.

బాగా వచ్చిందా లేదా?

తడిగా ఉన్నప్పుడు చూసి మురిసిపోకండి. తడిస్తే రోడ్డు కూడా మెరుస్తుంది. ప్రతి దశ చివరా రెండు ముక్కలు పూర్తిగా ఆరబెట్టి, చీకటి గదిలో ఫోన్ టార్చిని పక్కవాటుగా, దాదాపు ముక్కకు ఆనించినట్టు వేయండి. గీతలు, గుంటలు అన్నీ నీడలుగా లేస్తాయి. గీతలు కనిపిస్తే పై దశకు వెళ్లకండి, ఉన్న దశలోనే ఇంకో రోజు. 500 తర్వాత గోరు ఆనించి లాగితే ఎక్కడా తట్టకూడదు. చిప్స్ దగ్గర మెట్టులా తడితే సిమెంటు దిగిపోయిందని అర్థం. అప్పుడు పాలిష్ ఆపి ఆరో అడుగుకు వెనక్కి వెళ్లండి.

మెరుపు ఎంత వస్తుందనేదీ ముందే చెప్పుకోవాలి. పాలరాతి చిప్స్ మీద దీపం కాంతి తళుక్కుమంటుంది. సిమెంటు మీద అద్దంలాంటి మెరుపు రాదు, కోడిగుడ్డు పెంకులాంటి నునుపు వస్తుంది. అంతకుమించి మెరిసే ముక్కలు ఫోటోల్లో కనిపిస్తే వాటిమీద వార్నిషో, రెజినో ఉందనుకోండి. అక్రిలిక్ సీలర్ పూస్తే మీకూ వస్తుంది. నాకైతే ఆ ప్లాస్టిక్ మెరుపు నచ్చదు.

తెల్లపొర వస్తే

ఆరిన రెండు మూడు రోజులకు ముక్క మీద తెల్లని బూజులాంటిది రావొచ్చు. కొత్త గోడలకు ఉప్పు తేలినట్టే ఇదీ, లోపలి సున్నం నీటితో పైకొచ్చి గాలి తగిలి గడ్డకట్టింది. తడిగుడ్డతో రుద్ది, ఒక పూట నానబెట్టి, మళ్లీ నీడలో ఆరబెట్టండి. నిమ్మకాయ, వెనిగరు, బాత్రూం యాసిడ్ వాడకండి. తెల్లపొరతోపాటు సిమెంటునూ, పాలరాతినీ తినేసి, నునుపును ఒక్క నిమిషంలో గరుకు చేస్తాయి.

మొజాయిక్ నేలకు చివర ఆక్సాలిక్ యాసిడ్ వేస్తారు కదా అని అడుగుతారు. వేస్తారు, తెరిచి ఉన్న నేలమీద, తెలిసిన చేతులతో. పాలరాతి మీద ఆమ్లం పడితే వాయువు పొంగుతుంది. మూతేసిన బ్యారెల్ దానికి ఉబ్బి పేలొచ్చు. పైగా ఆక్సాలిక్ యాసిడ్ విషం. దీన్ని టంబ్లర్‌లోకి తేకండి.

బురదను ఏం చేయాలి?

సింకులో, బాత్రూం తూములో పోయకండి. మలుపులో గడ్డకట్టిందంటే పైపు కోయడం తప్ప దారి లేదు. బకెట్లో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచండి. పైన తేరిన నీళ్లను తర్వాతి కడుగుడుకు మళ్లీ వాడుకోవచ్చు. మొక్కలకు మాత్రం పోయకండి, క్షారానికి వేర్లు మాడతాయి. అడుగు ముద్దను పాత ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తి, తడిగా ఉండగానే మూతికట్టి చెత్తలో వేయండి. ఎండనిస్తే దుమ్మై ఇంట్లోనే తిరుగుతుంది.

ఒక్క ముక్కే ఉంటే

ఇల్లు కూలాక మిగిలింది ఒకే ఒక్క ముక్కయితే దాన్ని టంబ్లర్‌లో వేయకండి. అందులో వేసినవన్నీ బయటికి వస్తాయని ఎవరూ మాటివ్వలేరు. దానికి వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, మేలు. గాజు పలక మీద 120 నంబరు కాగితం పరిచి, నీళ్లు చల్లుతూ, ముక్కను గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. తర్వాత వరసగా 220, 400, 600, 1000. రెండు సాయంత్రాల పని. చిప్స్ పొర పలచగా ఉన్నా పోదు, పైముఖం మునుపటిలా చదునుగానే ఉంటుంది.

ముక్కలు అసలే లేనివాళ్లు, ముందు సాధన చేయాలనుకునేవాళ్లు తామే పోసుకోవచ్చు. ఒక వంతు తెల్ల సిమెంటుకు రెండు వంతుల సన్న పాలరాతి చిప్స్, ముద్ద కలవడానికి సరిపడా మాత్రమే నీళ్లు. సిలికాన్ ఐస్ ట్రేలో నొక్కి, గాలిబుడగలు పోయేలా బల్లకేసి తట్టి, మర్నాడు తీసి నీళ్లలో వేయండి. నీళ్లలో 28 రోజులు ఉండాల్సిందే. వారానికే గట్టిగా కనిపిస్తుంది కానీ అప్పటికి దాని బలం మూడింట రెండు వంతులే, 120/220 ముందు నిలవదు.

తయారైన ముక్కలను తాళంచెవుల గుత్తికి, బల్లమీద కాగితాలపై బరువుకు, గాజు గిన్నెలో అలంకారానికి వాడుకోండి. చేపల తొట్టిలో మాత్రం వేయకండి. ఎంత కడిగినా కాంక్రీటు నెమ్మదిగా సున్నం వదులుతూనే ఉంటుంది, ఆ నీళ్లు చేపలకు పడవు.